రన్నింగ్ రూమ్‌లో నిద్ర

ఇంగ్లిష్‌లో మూడక్షరాల ‘రన్’కు ఒక్క క్రియగానే 645 అర్థాలు తేలాయి. అక్కడ పరిగెత్తేవన్నీ మన దగ్గర నడుస్తాయి, ఆడతాయి, పారతాయి, కారతాయి. ఆ మాట వెంట పడితే దారి ఆక్స్‌ఫర్డ్ దాకా వెళ్లి, మళ్లీ మన ఊరి పిండిమర దగ్గరికే తీసుకొచ్చింది.

మా మేనమామ గూడ్సు బండి గార్డు. డ్యూటీ దిగి మా ఇంటికొస్తే అమ్మ మంచినీళ్లు చేతికిస్తూ అడిగే మొదటి మాట, ‘‘నిద్రపోయావురా?’’ అని. ‘‘కాజీపేట రన్నింగ్ రూమ్‌లో నాలుగ్గంటలు పడుకున్నానక్కా’’ అనేవాడు. నాకప్పుడు ఏడెనిమిదేళ్లు. ఆ మాట విన్నప్పుడల్లా ఒక పెద్ద గది కళ్లముందు మెదిలేది. దాని నిండా మనుషులు గోడల వెంట గుండ్రంగా పరిగెడుతుంటారు. మధ్యలో మామయ్య దుప్పటి ముసుగుతన్ని పడుకుని ఉంటాడు. అంత సందట్లో ఈయనకి నిద్రెలా పడుతుందో అర్థమయ్యేది కాదు.

రైల్వే వాళ్ల భాషలో బండితోపాటు వెళ్లే డ్రైవర్లు, గార్డులు ‘రన్నింగ్ స్టాఫ్’. బండి నడిచిన కిలోమీటర్ల లెక్కన వాళ్లకొచ్చేది ‘రన్నింగ్ అలవెన్సు’. ఒక కొసన డ్యూటీ దిగాక, తిరుగు బండి ఎక్కేలోపు కాస్త తిని నడుం వాల్చడానికి ఇచ్చే చోటు ‘రన్నింగ్ రూమ్’. డ్రైవరును ఇప్పుడు లోకో పైలట్ అంటున్నారు. గార్డు 2022 నుంచి ట్రైన్ మేనేజర్ అయ్యాడు. ఆ గది పేరు మాత్రం మారలేదు. మనుషులు కదలకుండా పడుకునే గదికి ‘పరుగు’ పేరు ఎలా అతికింది అన్న ప్రశ్న చిన్నప్పుడు మొదలై, పత్రికలో అనువాదాలు చేసిన ఇన్నేళ్లూ నా వెంటే ఉంది.

ఈ మాట ఎంత దూరం పాకిందో తేల్చడానికి ఆక్స్‌ఫర్డ్‌లో ఒకాయన తొమ్మిది నెలలు దాని ముందు కూర్చున్నారు. పేరు పీటర్ గిలివర్. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ మూడో కూర్పు మీద పనిచేసిన సంపాదకుల్లో ఒకరు. రన్ అనే క్రియ వెయ్యేళ్లకు పైగా ఎక్కడెక్కడ, ఎవరి రాతల్లో, ఏ అర్థంలో కనిపించిందో చూసి, వేరు చేసి, వరస పెట్టారు. లెక్క 645 దగ్గర ఆగింది. రచయిత సైమన్ వించెస్టర్ 2011లో న్యూయార్క్ టైమ్స్‌లో రాసిన వ్యాసంతో ఈ సంగతి లోకానికి తెలిసింది. ఒక్క మాటకు తొమ్మిది నెలలు! ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అసూయ కలిగింది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

అంతకుముందు ఎక్కువ అర్థాల సింహాసనం ‘సెట్’ది. 1928లో పది సంపుటాలుగా పూర్తయిన మొదటి కూర్పులో అన్నిటికన్నా ఎక్కువ చోటు ఆక్రమించిన మాట అదే. 1989 నాటి రెండో కూర్పులో దానికి 430 అర్థాలు. ఆ మొదటి కూర్పు వెనక ఉన్న శ్రమ మామూలుది కాదు. 1857లో లండన్‌లో కొందరు భాషాభిమానులు తలపెట్టిన పని అది. దాని సంపాదకుడు జేమ్స్ మర్రే ఆక్స్‌ఫర్డ్‌లోని తన ఇంటి పెరట్లో ఇనుప రేకుల షెడ్డు వేయించుకుని, దేశదేశాల నుంచి జనం పంపిన చీటీలను గోడల నిండా ఉన్న అరల్లో సర్దుకుంటూ జీవితమంతా గడిపారు. పుస్తకం పూర్తికాకుండానే 1915లో పోయారు. ‘ఆర్’ అక్షరం తోటి సంపాదకుడు విలియం క్రేగీ వంతుకు వచ్చింది. చివరికి తేలినవి 4,14,825 మాటలు, 18 లక్షలకు పైగా ఉదాహరణ వాక్యాలు.

సెట్‌ను రన్ ఎందుకు దాటింది? సెట్ అంటే పెట్టడం, కుదర్చడం, ఒకచోట నిలపడం. రన్ అంటే కదిలిపోవడం. ఆవిరి యంత్రాలు, రైళ్లు, నూలు మిల్లులు, కరెంటు, ఆఖరికి కంప్యూటర్లు వచ్చాక ఆ సమాజంలో కదిలేవాటి సంఖ్య పెరిగింది. కొత్తగా కదిలిన ప్రతిదానికీ రన్‌నే తగిలించారు. వించెస్టర్ వాదన ఇదే, నాకూ సబబనిపిస్తుంది. యంత్రాన్ని ‘రన్’ చేసే మనిషి పంతొమ్మిదో శతాబ్దంలో కంపెనీని కూడా ‘రన్’ చేయడం మొదలుపెట్టాడు. హోటల్‌నూ, బడినీ, ప్రభుత్వాన్నీ అలాగే. పెత్తనానికి ఆ మాట యంత్రాల కాలంలోనే అంటుకుంది.

నీళ్ల దగ్గర పుట్టిన మాట

అయితే రన్ కాళ్ల దగ్గర పుట్టిన మాట కాదు. పాత ఇంగ్లిష్‌లోనూ, దాని అక్కచెల్లెళ్లయిన జర్మానిక్ భాషల్లోనూ ఈ మాట మనిషి పరుగుకు ఎంతో, నీటి ప్రవాహానికీ అంతే. జర్మన్‌లో ఇప్పటికీ పరిగెత్తడానికి ‘రెన్నెన్’, నీళ్లు కారడానికి ‘రిన్నెన్’ అంటారు. భాషాశాస్త్రవేత్తలు వీటి వెనక పారడం, కదలడం అనే అర్థమున్న ఒక ప్రాచీన ధాతువును చూపిస్తారు. రైన్ నది పేరునూ ఆ ధాతువు కిందికే తెస్తారు. ఆ వంశవృక్షంలోనే సంస్కృతం కొమ్మ మీద ‘రీతి’ ఉంది. రీతి అంటే మొదట ప్రవాహం, గమనం. అది పారే దారి, ఆ తర్వాత పని జరిగే పద్ధతి, చివరికి శైలి అయింది. ‘ఏ రీతిగా చెప్పను’ అని మనం నోరారా వాడుకునే మాటకు, ఇంగ్లిష్ రన్‌కు దూరపు చుట్టరికం ఉందని తెలిసిన రోజు నాకు పోయిన బంధువు దొరికినంత ఆనందమైంది.

ఇంకా ఆశ్చర్యం మన అచ్చ తెలుగు మాటలో ఉంది. ‘పారు’ చూడండి. నీళ్లు పారతాయి, దొంగ పారిపోతాడు. పాత తెలుగులో పారడమంటే పరిగెత్తడమూ, ప్రవహించడమూ రెండూ. ఏ చుట్టరికమూ లేని రెండు భాషలు, వేల మైళ్ల దూరంలో, ఏటి నీటినీ పరిగెత్తే మనిషినీ ఒకే మాటతో పిలిచాయి. పక్కనే ఉన్న కన్నడంలో ఇదే మాట ‘హారు’గా మారి ఎగిరింది, దూకింది. మన దగ్గర నేల మీదే ఉండి పొలాల్లోకి మళ్లింది, నీటిపారుదల అయింది. జూదం దగ్గరికీ వెళ్లింది. ఎత్తుగడ ఫలిస్తే ‘వాడి పాచిక పారింది’ అంటాం. చూపు కూడా పారుతుంది. ‘చూపు పారినంత మేర చేలే’ అనేవాళ్లు మా పెద్దలు. మనిషి పరుగుకు మాత్రం ఈ మాట వాడుక క్రమంగా తగ్గి, ‘పారిపోవడం’లోనే మిగిలింది. అదే అర్థంలో వాడే ‘పరారీ’ చెవికి దీని తోబుట్టువులా వినిపిస్తుంది గానీ, అది అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది.

కాళ్లతో పరిగెత్తడానికి మనకు మాటల కరువు లేదు. కోస్తాలో లగెత్తుతారు, తెలంగాణలో ఉరుకుతారు, గుర్రం దౌడు తీస్తుంది, ఉరుకూ పరుగూ కలిస్తే ఉరుకులు పరుగులు. తప్పించుకోవాల్సి వస్తే ఉడాయిస్తారు, జారుకుంటారు, కాళ్లకు బుద్ధి చెబుతారు. కానీ ఈ మాటలన్నీ కాళ్ల దగ్గరే ఆగిపోయాయి. వ్యాపారానికీ, సంసారానికీ, యంత్రానికీ తెలుగువాడు పరుగును ఇవ్వలేదు. పరిగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్లు తాగడం మేలనుకున్న జాతి మనది. తెలుగు చెవికి పరుగులో ఆయాసం వినిపిస్తుంది, తొందర వినిపిస్తుంది.

నడిచే ఇల్లు, ఆడే మిల్లు

మరి ఇంగ్లిష్‌వాడు రన్ మీద మోపిన బరువంతా తెలుగులో ఎవరు మోస్తున్నారు? చాలామంది పంచుకున్నారు. నీళ్లు పారతాయి, ముక్కు కారుతుంది, ఫ్యాన్ తిరుగుతుంది, తీగ పాకుతుంది, దారి ఊళ్లోకి పోతుంది, కొత్త చీర రంగు దిగుతుంది, కథ సాగుతుంది. ఇంగ్లిష్‌వాడు జ్వరాన్నీ పరిగెత్తిస్తాడు. మనకు ఎండ కాసినట్టు, వెన్నెల కాసినట్టు ఒంటిమీద జ్వరం కాస్తుంది. ఇంట్లో బియ్యం ‘రన్ అవుట్’ అయితే మా నాయనమ్మ ‘అయిపోయాయి’ అని నోట రానిచ్చేది కాదు, ‘నిండుకున్నాయి’ అనేది. లేమిని చెప్పడానికి నిండుదనాన్ని వాడిన ఆ మర్యాద ముందు ఏ అనువాదమూ నిలవదు. దీపం ఆరిపోయిందనీ అనేది కాదు, కొండెక్కిందనేది. ఆరిపోవడం అనే అశుభాన్ని ఒక కదలికతో దాటించింది.

ఈ పంపకంలో పెద్ద వాటాలు రెండు మాటలవి. ఒకటి నడవడం. బస్సు నడుస్తుంది, కేసు నడుస్తుంది, బడి నడుపుతారు, పత్రిక నడుపుతారు, ఇల్లాలు సంసారం నడుపుకొస్తుంది. జాతకంలో ఏల్నాటి శని నడుస్తుంది. బజార్లో ‘నడుస్తున్న ధర’ ఉంటుంది. మనిషి గుణం ‘నడత’, ‘నడవడి’. గుణాన్ని నడకతో కొలిచింది ఈ భాష. తెలంగాణలో ‘ఏం నడుస్తుంది?’ అంటే ఏమిటి సంగతులని. సరుకు అంత గొప్పగా లేకపోయినా పని జరిగిపోతుందనుకుంటే ‘నడుస్తది’ అనేస్తారు. హైదరాబాదు ఉర్దూ ‘చల్తా’ పక్కన పెరిగిన ఈ మాటలో ఎంత సర్దుబాటు, ఎంత నిబ్బరం! ఇంగ్లిష్‌వాడి లోకం పరిగెత్తుతుంటే మన లోకం నడుస్తోంది.

రెండోది ఆడటం. నా మటుకు నాకు రన్‌కు సరైన జోడీ ఇదే. సినిమా ఆడుతుంది. గానుగ ఆడుతుంది. వడ్లు ఆడిస్తాం, పిండి ఆడిస్తాం. ఊపిరి ఆడాలి, గదిలో గాలి ఆడాలి. భయపడితే కాళ్లూ చేతులూ ఆడవు. పంట చేతికొస్తే చేతిలో డబ్బు ఆడుతుంది. మాట్లాడటం, పోట్లాడటం, కొట్లాడటం, వేటాడటం, వెంటాడటం... ఆడు లేనిదే తెలుగువాడి నోరు తెరుచుకోదు. ఉయ్యాల ఆడినట్టు, తోక ఆడించినట్టు, గాలికి ఆకు ఆడినట్టు, ఉన్నచోటనే ఉండి ఇటూ అటూ కదలడం దీని అసలు గుణం అనిపిస్తుంది. అందుకే ఊరు దాటి వెళ్లే బస్సు నడుస్తుంది, ఊళ్లో నిలబడి పనిచేసే మిల్లు ఆడుతుంది. ఒకే ఇంజను లారీలో ఉంటే నడిచి, రైస్ మిల్లులో ఉంటే ఆడుతుంది. ఇంగ్లిష్‌కు పట్టని ఈ తేడాను తెలుగు చెవి పట్టుకుంది. అయితే ఈ సూత్రాన్ని గోడ గడియారం ఒప్పుకోదు. అది ఉన్నచోటే ఉంటూ నడుస్తుంది. బహుశా దానిలో మనం చూసేది పెట్టెను కాదు, ముందుకు పోయే కాలాన్ని.

రన్‌కు తెలుగులో ఇన్ని జోడీలున్న సంగతి తెలియక బళ్లలో పిల్లలు పడే అవస్థ చూస్తే మనసు చివుక్కుమంటుంది. రన్ అంటే పరిగెత్తడం అని రెండో తరగతిలో ఒక్క అర్థం నేర్పి వదిలేస్తాం. ఆ పిల్ల పెద్దదై, ‘ఆయన హోటల్ రన్ చేస్తున్నాడు’ అన్న ఇంగ్లిష్ వాక్యం ఎదురైనప్పుడు, తన ఇంట్లో రోజూ వినే ‘నడుపుతున్నాడు’ నోటిదాకా రాదు. భాష రాక కాదు. ఈ మాటకు ఆ మాట జోడీ అని ఎవరూ చూపించక.

తెలుగువాడి ‘రన్నింగ్’

ఇంగ్లిష్ వచ్చాక మనం రన్ కంటే ‘రన్నింగ్’ను ఎక్కువగా చేరదీశాం. అదీ ఎక్కడ? పనిచేసే చేతుల దగ్గర. ‘రన్నింగ్‌లో దిగకండమ్మా’ అని కండక్టర్ అరుస్తాడు. ‘రన్నింగ్‌లో ఉన్న టిఫిన్ సెంటరు అమ్మబడును’ అని ప్రకటన పడుతుంది. వడ్రంగి, టైల్స్ మేస్త్రి ‘రన్నింగ్ ఫుట్’కు ఇంత అని కూలి మాట్లాడతారు. పని సగంలో ఉండగానే వచ్చే డబ్బు కోసం కాంట్రాక్టరు ‘రన్నింగ్ బిల్లు పడిందా’ అని ఇంజనీరు ఆఫీసు చుట్టూ తిరుగుతాడు. లెక్చరర్ చెబుతుండగా రాసుకునేది రన్నింగ్ నోట్స్. ఇక చీరల కొట్లో అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి, ‘‘దీనికి రన్నింగ్ బ్లౌజా, కాంట్రాస్టా?’’ అని. చీర నేతలోనే కొసన అదే రంగులో, అదే బట్టలో కలిసి వచ్చే జాకెట్టు ముక్క రన్నింగ్ బ్లౌజు.

వీటిలో ఏ ఒక్కటీ పరిగెత్తదు. కదులుతున్నది, ఆగనిది, తెగకుండా ఒకే ధారగా ఉన్నది, అలాంటివన్నీ రన్నింగ్. ఈ పలుకుబళ్లలో చాలావరకు ఇంగ్లిష్ నుంచి వచ్చినవే. మన మేస్త్రి, మన చీరల కొట్టు గుమాస్తా మాత్రం వాటిని పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. చేతికి తగిలిన వస్తువు మీద పెట్టి చూసుకుని ఉంచుకున్నారు. బట్టకూ, పలకకూ, బాటకూ తెగని పొడవు ఉంటుందనీ, దానికో మాట కావాలనీ వాళ్లకే తెలుసు. ప్రవాహం నుంచి పుట్టిన మాట, తిరిగి తిరిగి మళ్లీ ప్రవాహం అర్థానికే చేరింది. ఆ రకంగా చూస్తే రన్నింగ్ బ్లౌజు రైన్ నదికి చుట్టం.

క్రికెట్‌లో ఈ మాట కథ వేరు. తొలిరోజుల్లో స్కోరును కర్ర మీద గాట్లు పెట్టి లెక్కించేవారు, అందుకే దాన్ని ‘నాచ్’ అనేవారు. తర్వాత రన్ స్థిరపడింది. తెలుగు పత్రికలు దాన్ని ‘పరుగు’ చేశాయి. రనౌట్ రనౌట్‌గానే ఉండిపోయింది. వీధిలో పిల్లలు మాత్రం ‘రెండు రన్నులు తీశాం’ అంటారు. తీయడం! బావిలోంచి నీళ్లు తీసినట్టు.

2001 మార్చిలో ఈడెన్ గార్డెన్స్‌లో మన హైదరాబాద్ వి.వి.ఎస్. లక్ష్మణ్ 452 బంతులాడి 281 పరుగులు చేశాడు. అందులో ఫోర్లు 44. అంటే 176 పరుగులు బంతి పరిగెత్తి తెచ్చినవే, బ్యాట్స్‌మన్ కాళ్లు కదలాల్సిన అవసరం లేనివి. మిగిలిన 105 మాత్రమే ఇరవై రెండు గజాల మీద తీసినవి. ఆట ‘పరుగు’ అని పిలిచేదానిలో పరుగు ఎంత తక్కువో ఈ లెక్క చెబుతుంది.

అసలు విడ్డూరం 2010 అక్టోబరులో మొహాలీలో జరిగింది. ఆస్ట్రేలియా మీద 216 పరుగుల లక్ష్యం. లక్ష్మణ్‌కు నడుం పట్టేసింది, నిటారుగా నిలబడటమే కష్టంగా ఉంది. అతని కోసం పరిగెత్తడానికి సురేశ్ రైనా రన్నర్‌గా వచ్చాడు. బంతిని కొట్టేది ఒకరు, వికెట్ల మధ్య ఉరికేది ఇంకొకరు, లెక్కలో పడేది కొట్టినవాడి పేరున. చివరి వికెట్‌కు ప్రజ్ఞాన్ ఓఝా తోడుగా ఉన్నాడు. పరుగు దగ్గర తడబడితే, ఎన్నడూ గొంతు పెంచని లక్ష్మణ్ అతని మీద బ్యాటెత్తి గట్టిగా అరిచాడు. ఆ దృశ్యం టీవీలో చూసినవాళ్లెవరూ మరిచిపోరు. 73 పరుగులతో అతను అజేయంగా నిలిచాడు, ఒక్క వికెట్ తేడాతో భారత్ గెలిచింది. నడవలేని మనిషి పరుగులు చేశాడు! తెలుగులో ఈ వాక్యం ఎంత తలకిందులుగా ఉందో, అంత నిజం. మరుసటి ఏడాది నుంచి అంతర్జాతీయ క్రికెట్‌లో రన్నర్ పద్ధతినే తీసేశారు. ఇప్పుడు ఎవరి పరుగు వాళ్లే పరిగెత్తాలి.

ఎన్నికల దగ్గరికొస్తే ఒకే ఇంగ్లిష్ రెండుగా చీలింది. అమెరికాలో అభ్యర్థి పదవికోసం ‘రన్’ అవుతాడు, బ్రిటన్‌లో ‘స్టాండ్’ అవుతాడు. ఈ విషయంలో మనం బ్రిటన్ వైపు. ‘మా ఊరి నుంచి ఎవరు నిలబడ్డారు?’ అనే అడుగుతాం. హైదరాబాద్‌లో పుట్టి చిన్నప్పుడే అమెరికా వెళ్లిన అరుణా మిల్లర్ 2022లో మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నరుగా ఎన్నికయ్యారు. అక్కడి పత్రికల్లో ఆమె గవర్నరు అభ్యర్థి వెస్ మూర్‌కు ‘రన్నింగ్ మేట్’. ఇది గుర్రప్పందేల నుంచి వచ్చిన మాట. ఒకే యజమాని గుర్రాల్లో ఒకదాని వేగాన్ని నిలబెట్టడానికి తోడుగా దింపే రెండో గుర్రాన్ని అలా పిలిచేవారు. మన పత్రికలు ఆమె విజయాన్ని రాసినప్పుడు ఈ గుర్రాన్ని ఎక్కడ కట్టేయాలో తోచక, ‘జోడీగా పోటీ చేశారు’ అన్నాయి. నాకు ఆ ‘జోడీ’ నచ్చింది. ఎడ్లబండి తెలిసిన భాషకు అంతకన్నా సూటి మాట దొరకదు.

జనం లేని తోపులాట

డెస్కులో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ‘బ్యాంక్ రన్’. 2007 సెప్టెంబరులో బ్రిటన్‌లో నార్తర్న్ రాక్ బ్యాంకు ముందు డబ్బు వెనక్కి తీసుకోవడానికి జనం బారులు తీరారు. ఆ రాత్రి వార్త నా ముందుకు వచ్చింది. ‘బ్యాంకు మీదికి పరుగు’ అని రాసి కొట్టేశాను. చివరికి ‘డిపాజిట్ల కోసం ఎగబడ్డ జనం’ అని పెట్టాను. ఫొటోలో అందరూ వరసలో, గొడుగులు పట్టుకుని, మర్యాదగా నిలబడి ఉన్నారు. ఎగబడటం అనే మాటలో ఉన్న తోపులాట ఆ ఫొటోలో లేదు. మాట తప్పిందని తెలుసు, ఇంకో మాట దొరకలేదు.

2023 మార్చి 9న అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు దగ్గర జరిగింది దానికంటే వింత. ఒక్కరోజులో 4,200 కోట్ల డాలర్లు వెనక్కి ఇవ్వమని ఖాతాదారులు అడిగారు. వీధిలో వరస లేదు, గొడుగులు లేవు. కుర్చీల్లో కూర్చుని ఫోన్ల మీద వేళ్లు కదిపారు. మర్నాడే ఆ బ్యాంకును ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. ఆ ప్రాంతంలో ఉద్యోగాలు చేసే మనవాళ్లు ఇంటికి ఫోన్ చేసి, ‘బ్యాంక్ రన్ వచ్చింది’ అన్నారు, తుపాను వచ్చిందన్నట్టు. మనుషులు లేకుండా, కాళ్లు లేకుండా, చప్పుడు లేకుండా పరుగు జరిగిపోయింది. ఈ వార్తకు ‘కట్టలు తెంచుకున్నాయి’ అని రాస్తే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది. మొదట్లో చెప్పిన నీళ్ల మాట ఇక్కడ సరిగ్గా అతుకుతుంది.

కంప్యూటర్ దగ్గర మాత్రం రన్‌కు ఎదురు లేదు. 1964 మే 1న అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ తయారుచేసిన బేసిక్ భాషలో మొదటి ప్రోగ్రాములు పనిచేశాయి. లెక్కలు, సైన్సు చదవని విద్యార్థులు కూడా కంప్యూటర్‌తో మాట్లాడగలగాలన్నది వాళ్ల ఆశ. అందుకే యంత్రానికి ఇచ్చే ఆజ్ఞలు ఇంట్లో మాటల్లా ఉండాలనుకున్నారు. రాసింది అమలు చేయమనడానికి ‘రన్’ అని టైపు చేస్తే చాలు. ఆ మూడక్షరాలే అమీర్‌పేట మేడల మీది శిక్షణ కేంద్రాల దాకా వచ్చాయి. పల్లెటూరి నుంచి వచ్చి హాస్టల్లో ఉంటూ కోర్సు చేసే పిల్లవాడు అర్ధరాత్రి పక్కవాణ్ని లేపి, ‘‘అరే, రన్ అయిందిరా!’’ అంటాడు. ఆ సంతోషానికి తెలుగు చేయమని నేనడగను. ఆ మాట వాడిదైపోయింది.

చీటీల పెట్టె

ఇక ఆ అసూయ సంగతి. తెలుగుకు నిఘంటువులు లేవని కాదు. బ్రౌన్ దొర 1852లో తెలుగు–ఇంగ్లిష్ నిఘంటువు అచ్చువేశారు. 1885లో బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం వచ్చింది. పిఠాపురం మహారాజు పోషణలో మొదలైన సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదటి సంపుటం 1936లో వెలువడింది. ఆ పెద్దల ముందు చేతులు జోడిస్తాను. కానీ ఆ నిఘంటువులు ప్రధానంగా కావ్యాల్లో వెతికాయి. గానుగ దగ్గరికీ, మగ్గం దగ్గరికీ వెళ్లి మాట ఏరుకొచ్చిన పని భద్రిరాజు కృష్ణమూర్తిగారిది. ఆయన నడిపించిన మాండలిక వృత్తిపదకోశంలో 1962లో వ్యవసాయ పదాల సంపుటం, 1971లో చేనేత పదాల సంపుటం వచ్చాయి. ఊరూరా తిరిగి, రైతునూ నేతగాణ్నీ అడిగి రాసుకున్న పుస్తకాలవి. వాటిని తెరిస్తే మట్టి వాసన, గంజి వాసన వస్తాయి.

నా కోరిక ఒకటే. రన్ ముందు గిలివర్ కూర్చున్నట్టు, ‘ఆడు’ ముందు ఒకరు తొమ్మిది నెలలు కూర్చోవాలి. శాసనాల నుంచి సినిమా పోస్టర్ల దాకా, శ్రీకాకుళం నుంచి అనంతపురం, ఆదిలాబాద్ దాకా ఆ మాట ఎక్కడెక్కడ ఆడిందో రాయాలి. కోస్తాలో పిండి ‘ఆడించే’వాళ్లున్నారు, ‘పట్టించే’వాళ్లూ ఉన్నారు. ఆ మాట ఎక్కడ మారుతుందో ఎవరైనా పటం గీసిపెట్టాలి. విశ్వవిద్యాలయాల్లో ఎందరో యువకులు భాషాశాస్త్రం చదువుతున్నారు. ఒక్కో క్రియను ఒక్కొక్కరికి అప్పగిస్తే పదేళ్లలో నడవడం, ఆడటం, పారడం, పోవడం, పడటం, ఈ అయిదు మాటల చరిత్రా మన చేతికొస్తుంది. వాటి అర్థాల లెక్క 645కు అందుతుందో లేదో నాకు పట్టింపు లేదు. అవి చెప్పేవాళ్లు ఉండగానే రాసుకోవాలన్నదే ఆరాటం. గానుగలు కనుమరుగయ్యాయి, మర ఆడించే ముసలాయన కొడుకు మిక్సీలు అమ్ముకుంటున్నాడు.

నేను నా మటుకు చెప్పుల అట్టపెట్టెలో చీటీలు వేస్తున్నాను. ‘ఆడు’కు ఇప్పటికి నలభై ఏడు చేరాయి. మొన్న మామయ్యను చూడటానికి విజయవాడ వెళ్లినప్పుడు ఆ పెట్టె చూపించాను. రిటైరై చాలా ఏళ్లయింది. ఇంటి వెనకాలే రైలు పట్టాలు. కళ్లజోడు పైకి జరుపుకుని ఒక్కో చీటీ చదివాడు. గాలి ఆడు దగ్గర నవ్వాడు. తను కూర్చునే బ్రేక్ వ్యాన్‌లో ఎండాకాలం గాలి ఆడేది కాదని చెప్పాడు. చిన్నప్పటి ప్రశ్న అప్పుడడిగాను.

‘‘మామయ్యా, రన్నింగ్ రూమ్‌ని తెలుగులో ఏమనాలి?’’

ఆయన తల తిప్పలేదు. బయట ఒక గూడ్సు బండి వెళుతోంది, చివరి పెట్టె దాటేదాకా చూసి అన్నాడు.

‘‘దానికి వేరే తెలుగేమిట్రా? మజిలీ.’’

ఆ మాట చీటీ మీద రాసి, తారీఖు వేసి, పెట్టెలో ‘మ’ దగ్గర పెట్టాను.